తాబేలు ఇంటికి వచ్చినపుడు

చిప్ప క్రింద దాగిన రోగము నెలల తరబడి బయటపడదు. కావున తాబేలును పెంచువాడు చిహ్నములను చూచి మేల్కొనిన చాలదు. ముందుగా తెలిసికొని వర్తింపవలెను.

వానకాలము ప్రవేశించి, ఘనపురము ఆనకట్ట నుండి కాలువలకు నీరు వచ్చి, మెదకు చుట్టుప్రక్కల మడులలో నాట్లు సాగుచుండు దినములలో, పొలము గట్ల మీదను, చెరువు తూముల చెంతను, ఒక్కొకప్పుడు ఊరి బాటల మీదను మెల్లగా సాగిపోవు తాబేలు మనవారి కంటబడుట వింత కాదు. పిల్లలు దానిని పట్టి తెచ్చి నీళ్ల తొట్టిలో విడుతురు. పెద్దలు లక్ష్మి నడచి వచ్చినదని సంతసింతురు. మరికొందరు నగరమునకు పోయినపుడు అంగడిలో అరచేతిలో ఇముడు పిల్లను చూచి ముచ్చటపడి కొని తెత్తురు. ఏ మార్గమున వచ్చినను, ఇంటికి చేరిన మొదటి సాయంకాలముననే అది ఏమి తినును, ఎక్కడ పడుకొనును, నీటిలో ఉంచవలెనా నేల మీద ఉంచవలెనా అను ప్రశ్నలు పుట్టును. వీనికి సమాధానము తెలియక, మిక్కిలి ప్రేమతోనే అన్నము పెట్టి, పాలు పోసి, గాజు తొట్టిలో బంధించి, ఆ ప్రాణిని క్రమక్రమముగా క్షీణింపజేయువారు పెక్కురు.

జబ్బు చేసిన కుక్క మూలుగును. ఆవు మేత మాని యజమానునికి తన బాధను తెలియజేయును. కోడి రెక్కలు వ్రేలవేసి మూలకు చేరును. తాబేలునకు ఈ భాషలేవియు లేవు. తన దేహోష్ణమును తాను పుట్టించుకొనజాలని ఆ సరీసృపమునకు జీవక్రియలన్నియు మందగతిని సాగును గనుక, ఆకలియు, నీరసమును, రోగమును, తుదకు మృత్యువును సైతము మందగతినే వచ్చును. పెంపకములో తప్పు జరిగిన నాటికిని, దాని ఫలితము కంటికి కనబడు నాటికిని నడుమ నెలలు, ఒక్కొకప్పుడు సంవత్సరములు గడచిపోవును. ఇన్నాళ్లుగా బాగుగనే యున్నది గదా యను మాట తాబేలు విషయమున ఏ మాత్రమును ప్రమాణము కాదు. ఈ వ్యాసమున చెప్పబోవు నియమములన్నియు ఈ యొక్క సత్యము నుండి పుట్టినవే.

తొలి ప్రశ్న: ఇది ఏ జాతి?

ఆహారమును గురించి విచారించుటకు ముందు, గూటిని గురించి ఆలోచించుటకు ముందు, తాబేలు తెచ్చుకొన్నవారు తేల్చుకొనవలసినది దాని జాతి. కాళ్లు స్తంభములవలె బలిసి, వ్రేళ్ల నడుమ చర్మము లేక, చిప్ప గోపురాకృతిని ఉబికియున్నచో అది మెట్ట తాబేలు. చిప్ప పలుచనై, వ్రేళ్ల నడుమ ఈదుటకు అనువైన చర్మమున్నచో నీటి తాబేలు. ఈ రెండింటి జీవనవిధానములకు పొంతన లేదు. మెట్ట తాబేలును లోతు నీటిలో విడిచినచో మునిగి చచ్చును, నీటి తాబేలును ఎండు నేలపై ఉంచినచో ఎండి చచ్చును.

మెదకు ప్రాంతపు చెరువులలోను, మంజీర ఒడ్డున గల మడుగులలోను సాధారణముగా కానవచ్చునది తోలుచిప్ప తాబేలు అను నీటి తాబేలే. పైచిప్ప గట్టి పలకలు లేక తోలుతో కప్పబడి, ముక్కు సాగియుండి, అడుగున వెనుక కాళ్లను మూసికొనుటకు రెండు చర్మపు రెక్కలు గలది ఇదే. చెరువు ఎండినపుడు బురదలో పూడుకొని వానల కొరకు వేచియుండు ఓర్పు దానిది. చచ్చిన చేపలను, కుళ్లిన కళేబరములను తిని నీటిని శుభ్రపరచు ఉపకారము దానిది. నల్లని చిప్పపై పసుపు గీతలు కిరణములవలె విచ్చుకొనియున్నచో అది నక్షత్ర తాబేలు. రాయలసీమలోని పొదల బీళ్లు మొదలుకొని తమిళ, కర్ణాటక దేశముల మీదుగా, మరియొక వంక గుజరాతు, రాజస్థానముల వరకును దాని నివాసము. అంగళ్లలో తొట్టెలలో ఈదుచు కంటి వెనుక ఎర్రని చార గలది అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతమునకు చెందిన రెడ్ ఇయర్డ్ స్లైడర్ అను నీటి తాబేలు. ఇసుక రంగు గలిగి తొడల మీద ముండ్లవంటి పొలుసులున్నది ఆఫ్రికా సాహెల్ ప్రాంతపు సుల్కాటా. కాళ్ల మీద ఎర్రని పొలుసులున్నది దక్షిణ అమెరికాకు చెందిన రెడ్ ఫుట్.

ఈ గుర్తింపు కేవల విజ్ఞానార్థము కాదు, శాసనము దృష్ట్యా కూడ ఇది ప్రథమ కర్తవ్యము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 2022లో సవరింపబడి, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము నక్షత్ర తాబేలును, మన చెరువుల తోలుచిప్ప తాబేలును ప్రథమ షెడ్యూలులో చేరినవి. అనగా పులికిని ఏనుగునకును గల రక్షణయే వీనికిని కలదు. వీనిని పట్టుట, కొనుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట, అన్నియు నేరములే. శిక్ష మూడేండ్లకు తక్కువ కాని, ఏడేండ్ల వరకు పొడిగింపదగిన కారాగారవాసమును, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాయును. విదేశీయ మెట్ట తాబేళ్లన్నియు అంతర్జాతీయ వన్యజాతి వాణిజ్య ఒడంబడికయైన సైటిస్ పట్టికలలో ఉన్నవి. వానిని కలిగియున్నవారు 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ననుసరించి పరివేశ్ అను ప్రభుత్వ వేదికపై నమోదు చేయించుకొనవలెను. కొత్తగా పొందినవారికి 30 దినముల గడువు.

కావున, బాట మీద దొరికిన తాబేలును ఇంటికి తెచ్చుకొనుటకంటె, అది ఏ దిక్కునకు పోవుచున్నదో ఆ దిక్కుననే బాట దాటించి విడిచిపెట్టుట మేలు. ఇదివరకే ఇంట చేరిన స్వదేశీయ కూర్మమును మెదకులోని అటవీ శాఖ కార్యాలయమున అప్పగింపవలెను. తోచిన చెరువులో రహస్యముగా విడుచుట పరిష్కారము కాదు. బంధములో నున్నపుడు సంక్రమించిన రోగము ఆ చెరువులోని తాబేళ్లన్నింటికి వ్యాపింపవచ్చును. స్లైడర్ విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. లోకములో మిక్కిలి హానికరములైన నూరు చొరబాటు జాతుల జాబితాలో దానికి స్థానము కలదు; పోచారము జలాశయములోనో మంజీరలోనో ఒకమారు నాటుకొన్నచో, మన తాబేళ్ల ఆహారమును, ఎండ కాచుకొను తావులను అది ఆక్రమించును.

భక్తియు, భాగ్యమును, బేరమును

తెలుగువారికి తాబేలు మీద గల గౌరవము నేటిది కాదు. మందర పర్వతమును మూపున మోసిన అవతారమూర్తిగా కూర్మము పూజలందుకొనుచున్నది. ఆలయద్వారముల కడ యమునాదేవికి వాహనమై నిలుచుచున్నది. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మక్షేత్రము కూర్మనాథుని ప్రధానాలయము. అచటికి భక్తులు తరతరములుగా నక్షత్ర తాబేళ్లను తెచ్చి సమర్పించుచుండగా, ఆలయ ప్రాంగణములో వానికై ప్రత్యేకమైన ఆవరణము ఏర్పడినది. తెలుగునాట మెట్ట తాబేళ్లు మానవుల సంరక్షణలో గుంపుగా జీవించు స్థలములలో ప్రసిద్ధమైనది అదియే. భక్తి యెంత గాఢమైనను, ఆ ప్రాణుల ఆరోగ్యము పచ్చని మేతకును, ఎండకును, తిరుగాడుటకు చాలినంత చోటునకును లోబడియే యుండునని అట్టి స్థలములను చూచినవారెల్లరు గ్రహింపగలరు.

గౌరవమే ఒక్కొకప్పుడు హానికి దారితీయును. ఇంట తాబేలున్నచో ధనము నిలుచునను నమ్మకము పట్టణములలో వ్యాపించి, దాని నాధారము చేసికొని దొంగ బేరము పెరిగినది. 2015లో ప్రచురితమైన యొక పరిశోధన, దక్షిణ భారతములోని ఒక్క కేంద్రము నుండియే ఏడాదికి కనీసము 55,000 నక్షత్ర తాబేలు పిల్లలు అడవి నుండి దొంగిలింపబడుచున్నవని తేల్చినది. వానిని గోతాములలో, పెట్టెలలో, మేజోళ్లలో కుక్కి, కదలకుండ కాళ్లకు అంటుకాగితము చుట్టి, విమానాశ్రయముల మీదుగా తరలింతురు. దారిలో చచ్చునవి పోగా మిగిలినవే అంగళ్లకు చేరును. ఈ దుర్గతిని చూచియే 2019లో జెనీవాలో సమావేశమైన సైటిస్ దేశములు నక్షత్ర తాబేలునకు ప్రథమ అనుబంధములో స్థానమిచ్చి, అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించినవి. శుభము కోరువారు గుమ్మమున ఇత్తడి కూర్మమును నిలుపుకొనవచ్చును. సజీవ కూర్మమును దాని బీళ్ల నుండి వేరుచేసి తెచ్చుకొను శుభము ఎవరి ఇంటను నిలువదు.

ఇక చట్టమునకు లోబడి, నమోదు చేయించుకొని, సుల్కాటావంటి విదేశీయ మెట్ట తాబేలును పెంచువారు తెలిసికొనదగిన సంగతులను వివరింతును. అటవీ శాఖవారు వచ్చి తీసికొనిపోవు వరకు స్వదేశీయ మెట్ట తాబేలును సురక్షితముగా ఉంచవలసినవారికిని ఇవి ఉపకరించును.

తొలి దినములు: తాకకుండుటయే ఆతిథ్యము

చిప్ప తాబేలు మోయు ఇల్లని చిన్ననాటి నుండి కథలలో వినియున్నాము. వాస్తవమునకు అది దాని దేహమే. ప్రక్కటెముకలును వెన్నెముకయు విస్తరించి, ఒండొంటితో నతుకుకొని ఏర్పడిన ఎముకల కప్పు అది; పైన మన గోళ్లకు మూలమైన కెరాటినుతోనే ఏర్పడిన పలకలుండును. ఆ పలకల క్రింద రక్తప్రసారమును, స్పర్శజ్ఞానమును కలవు. అందుచేత చిప్పపై రంగులు పూయుట, పేర్లు చెక్కుట, త్రాడు కట్టుటకై రంధ్రము చేయుట, సజీవ దేహమును గాయపరచుటయే యగును.

భగవద్గీత ద్వితీయాధ్యాయమున, అవయవములను లోనికి ముడుచుకొను కూర్మము స్థితప్రజ్ఞుని ఇంద్రియనిగ్రహమునకు ఉపమానమైనది. జ్ఞానియందు శాంతమునకు చిహ్నమైన ఆ ముడుచుకొనుట, నిజమైన తాబేలునందు భయమునకు చిహ్నము. కొత్త ఇంటికి వచ్చిన తాబేలు తల లోనికి లాగుకొని నిశ్చలముగా నున్నపుడు, ఎంత శాంతముగా నున్నదో యని మురిసి, దానిని చేతికెత్తుకొని ఇంటింటికి చూపి వచ్చుట దాని భయమును రెట్టింపు చేయుటయే. మొదటి వారము, పది దినములు దానిని ఎత్తకుండుట, పిల్లలను దూరముగా నుండి చూడుమనుట, కుక్కను దరిదాపులకు రానీయకుండుట, ఇదియే దానికి చేయదగిన ఆతిథ్యము. తలదాచుకొనుటకు చీకటి తావు తప్పక యుండవలెను. నిలువునా పగిలిన గోలెము సగమును బోర్లించి పెట్టినచో చక్కని గుహ యగును.

ఈ దినములలో అది తినకపోయినను కలవరపడరాదు. ఆహారమును ఉదయమున ఎదుట ఉంచి దూరముగా తొలగిపోవలెను. సాయంకాలమునకు మిగిలినది తీసివేయవలెను. కాని నీటి విషయమున ఆలస్యము తగదు. ప్రయాణములో శుష్కించి వచ్చిన తాబేలును, వెడల్పైన చదును పాత్రలో దాని గడ్డము క్రిందికి మాత్రమే అందునంత గోరువెచ్చని నీరు పోసి, పదునైదు ఇరువది నిమిషములు నిలుపవలెను. అది నీరు త్రాగును, మూత్రవిసర్జనము చేయును. మూత్రముతో వచ్చు తెల్లని యూరేటులు మెత్తగా నున్నచో దేహమున నీరు చాలియున్నట్లు. గరుకుగా గట్టిపడియున్నచో చాలనట్లు. ఈ నీటి కొరత దీర్ఘమైనచో మూత్రాశయములో రాళ్లు ఏర్పడును. పిల్ల తాబేళ్లకు ఈ స్నానము నిత్యమును, పెద్దవానికి వారమునకు రెండు మూడు మారులును అవసరము. ఈ పనికి వాడు పాత్రను వంటయింటి పాత్రలతో కలుపరాదు.

ఇంట ఇదివరకే మరియొక తాబేలున్నచో, కొత్తదానిని మూడు నెలలకు తక్కువ కాకుండ వేరుగా నుంచవలెను. పైకి ఆరోగ్యముగా కనబడు ప్రాణి యొక్క దేహములో పురుగులును, వైరసులును దాగియుండవచ్చును. భిన్నఖండముల జాతులను ఒక్క ఆవరణములో కలిపి పెంచుట ఎన్నడును తగదు. ఒకదానికి సహజమైన సూక్ష్మజీవి మరియొకదానికి ప్రాణాంతకము కావచ్చును.

ఎండయు, వెచ్చదనమును

పొయ్యి ఆరిన తరువాత కుండలోని గింజ ఉడకనట్లు, చలిలో నున్న తాబేలు కడుపులోని మేత జీర్ణము కాదు. లోపలనే పులిసి విషమగును. తినుట మానిన తాబేలునకు మందులు వెదకుటకు ముందు దాని తావు ఎంత వెచ్చగా నున్నదో పరిశీలింపవలెను. ఉష్ణదేశపు మెట్ట తాబేళ్లకు పగటివేళ ఆవరణములో ఒకచోట 35 డిగ్రీల వరకు వేడిమియు, మరియొకచోట 26, 27 డిగ్రీల చల్లదనమును ఉండవలెను. తన అవసరము ననుసరించి అది ఇటునటు తిరిగి తన ఉష్ణమును తానే దిద్దుకొనును. రాత్రి 20 డిగ్రీలకు దిగువకు పోకుండుట మేలు.

మన మెదకు సీమ వాతావరణము సంవత్సరములో అధికభాగము ఈ ప్రాణులకు అనుకూలమే. చిక్కులు వచ్చునది రెండు కాలములలో. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత పలుమారులు 15 డిగ్రీలకు దిగువకు పడిపోవును. ఐరోపాలోని కొన్ని తాబేళ్లు శీతకాలమంతయు నిద్రించును. ఆ మాట విని, సుల్కాటా కదలక యుండుట శీతనిద్ర యని భ్రమించువారు కలరు. సుల్కాటాకును, నక్షత్ర తాబేలునకును శీతనిద్ర లేదు. చలిలో కదలక యున్నచో అది వ్యాధికి పునాది. ఆ రాత్రులలో ఇంటి లోపల పెట్టెలో ఉంచి, వెలుగు లేని సిరామిక్ హీటరుతో వెచ్చదనము కల్పింపవలెను. ఇక ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటినపుడు ఆవరణములో సగభాగమునకు దట్టమైన నీడ, తడిసిన మట్టి, అడుగంటని నీటి పళ్లెము తప్పనిసరి. మేడ మీద రేకుల క్రిందను, ఎండలో నిలిపిన గాజు తొట్టిలోను తాబేలు కొద్దిసేపటిలోనే ఉడికి చచ్చును.

వెచ్చదనముతోడనే పని ముగియదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములలో బి తరగతికి చెందినవి చర్మమును తాకినపుడే తాబేలు దేహమున డి3 విటమిను తయారగును; అది లేనిచో తిన్న సున్నము ఎముకలకు చేరదు. పిమ్మట చిప్ప మెత్తబడును, దవడ వంకరలు పోవును, కాళ్లు దేహభారమును మోయజాలవు. కిటికీ గాజు ఈ కిరణములను దాదాపుగా అడ్డగించును గనుక, గాజు వెనుక పడు ఎండ చూచుటకు ఎండయే గాని ఔషధము కాదు. మెదకువంటి పట్టణములో పెరడు గలవారికి ఈ ఔషధము ఉచితముగా లభించును: ఉదయపు ఎండలో ఒకటి రెండు గంటలు, ప్రక్కనే నీడ ఉండునట్లు, విడిచిన చాలును. పెరడు లేనివారు సరీసృపములకై తయారుచేయబడిన యువిబి దీపమును అమర్చుకొని, అది వెలుగుచున్నను, దాని శక్తి సన్నగిల్లును గనుక, తయారుచేసినవారు చెప్పిన గడువున మార్చవలెను.

ఆవరణము నేల విషయమున ఒక హెచ్చరిక. మన ఇండ్లలోని నున్నని షాబాదు బండలపై తాబేలు కాళ్లు జారును; నిత్యము జారుచు పెరిగిన పిల్లకు తొడ కీళ్లు ఎడమగును. మట్టియు ఇసుకయు కలిపిన నేల, దానిపై గరిక, ఇది ఉత్తమము. చుట్టుగోడ లోపలి నుండి బయటకు కనబడనిదై యుండవలెను. వల కంచె వేసినచో అవతల కనబడు చోటికి పోవుటకై ముక్కు పుండగు వరకు రాయుచుండును. పునాది భూమిలోనికి అడుగున్నర దిగవలెను. సుల్కాటా గాఢముగా బొరియలు త్రవ్వు జాతి. పిల్లలున్న ఆవరణమునకు పైన వల కప్పనిచో కాకులు, గ్రద్దలు తన్నుకొనిపోవును; ఎలుకలును, పందికొక్కులును, వీధికుక్కలును రాత్రివేళ చేయు హాని చెప్పనలవి కాదు.

మేత: మన పెరటిలోనే కలదు

మెట్ట తాబేలు బీళ్లలో గడ్డిని, ఆకులను, పూలను మేయు ప్రాణి. దాని ఆహారమున పీచు మెండుగాను, సున్నము మెండుగాను, మాంసకృత్తులు స్వల్పముగాను ఉండవలెను. ఈ దృష్టితో చూచినచో మెదకు పల్లెలే దాని భోజనశాల. గరిక ప్రధానాహారము; మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకు, మునగాకు, గుమ్మడి పూలు, ముండ్లు కాల్చి తీసిన నాగజెముడు రెమ్మలు, ఇవన్నియు శ్రేష్ఠములు. రోజున కొక్కటి గాక పలురకములు కలిపి పెట్టుట ముఖ్యము. పాలకూర, చుక్కకూర, గంగవాయిలి కూరలలోని ఆక్సాలికామ్లము సున్నమును పట్టివేయును గనుక వానిని ఎప్పుడైన కొంచెము మాత్రమే పెట్టవలెను. గోబీ, క్యాబేజీల విషయమునను మితము పాటింపవలెను. అరటి, మామిడివంటి తీపి పండ్లు సుల్కాటా ప్రేగులలో పులిసి విరేచనములు కలిగించును.

అన్నము, రొట్టె, పాలు, బిస్కెట్లు, మాంసము, కుక్కల ఆహారము దీనికి విషతుల్యములు. మన పెరళ్లలోనే పెరుగు గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదము నిజముగా విషములే. ఆవరణము దాపున వానిని మొలవనీయరాదు. వరి, ప్రత్తి చేల గట్ల నుండి గడ్డి కోసి తెచ్చువారు, ఆ చేలకు పురుగుమందు చల్లియున్నదేమో విచారించి మరీ కోయవలెను. సున్నము కొరకు, నాటువైద్యులు సముద్రపు నురుగని పిలుచు కటిల్ చేప ఎముకను ఆవరణములో ఒక మూల ఉంచినచో తాబేలు తనకు కావలసినపుడు కొరికికొనును. గ్రుడ్లు పెట్టు ఆడువానికిది మరింత అవసరము.

చిప్ప పలకలు ఒక్కొక్కటి కొండ శిఖరములవలె పొడుచుకొని పెరుగుట పెంపుడు తాబేళ్లలో తరచుగా కానవచ్చు వికృతి. ఇది మాంసకృత్తుల వలననే యని చిరకాలము భావింపబడెను. 2003లో ప్రచురితమైన పరిశోధన సుల్కాటా పిల్లలను వేరువేరు తేమలలో పెంచి చూచి, పొడి గాలియే ముఖ్యకారణమని వెల్లడించినది. కావున పిల్లలు తలదాచుకొను గుహలో మట్టిని తడిపి తేమ నిలుపవలెను. నక్షత్ర తాబేలునకు మాత్రము అడవిలోనే ఈ పొడుచుకొనుట కొంత సహజము. ఒకమారు ఏర్పడిన వికృతి జీవితాంతము మాయదు; పిల్లతనమున జరిగిన నిర్లక్ష్యము ముప్పది, నలువది ఏండ్ల తరువాతను చిప్ప మీద చదువవచ్చును.

వ్యాధి, వైద్యము, శుచి

మూగప్రాణి రోగమును ముందుగా కనిపెట్టుటకు రెండు సాధనములు చాలును: ఒక వంటింటి త్రాసు, ఒక పుస్తకము. వారమునకొకమారు తూచి వ్రాసికొన్నచో, కన్ను గుర్తింపజాలని క్షీణత అంకెలలో కనబడును. రెండు మూడు వారములు వరుసగా బరువు తగ్గినచో వైద్యుని చూడవలెను. ముక్కు నుండి బుడగలు, నోరు తెరచి ఊపిరి పీల్చుట, మెడ సాచి రొద చేయుట ఊపిరితిత్తుల వ్యాధి చిహ్నములు. తాబేలునకు మనవలె ఉదరవితానము లేదు. దగ్గి కఫమును వెడలద్రోయజాలదు. కావున మనకు జలుబైనది దానికి ప్రాణాపాయమగును. కండ్లు వాచి మూసికొనుట, చిప్ప వ్రేలితో నొక్కిన వంగుట, చిప్ప అంచుల కడ దుర్వాసన, నోటిలో పసుపుపచ్చని పొర, వీనిలో ఏది కనబడినను ఆలస్యము తగదు.

ఇచట మెదకువంటి పట్టణములందు నివసించువారు గట్టిగా జ్ఞప్తియందుంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. పురుగుల నివారణకై పశువులకును, గొర్రెలకును సర్వసాధారణముగా ఇచ్చు ఐవర్మెక్టిన్ అను మందు తాబేలునకు ప్రాణాంతకము. దాని నరములను స్తంభింపజేసి చంపును. పశువైద్యశాలకు పోవువారు తాబేలునకు ఈ మందు ఇవ్వవలదని వైద్యునకు వినయముగా తెలుపుట మంచిది. తాబేలు మలమును పరీక్ష చేయించి, పురుగులున్నచో దానికి తగిన ఫెన్బెండజోలువంటి మందును సరీసృపముల వైద్యమునందు అనుభవము గలవారి సలహాతో తూకము ప్రకారము ఇవ్వవలెను. హైదరాబాదు రాజేంద్రనగరులోని పశువైద్య కళాశాలవంటి పెద్ద సంస్థలలో విచారించినచో అట్టివారి జాడ తెలియును.

తాబేలు ఆరోగ్యముతోడనే ఇంటివారి ఆరోగ్యమును కాపాడవలెను. ఆరోగ్యముగా నున్న తాబేలు ప్రేగులలోనే సాల్మొనెల్లా సూక్ష్మజీవి నివసింపవచ్చును. దాని వలన శిశువులకు తీవ్రమైన విరేచనములు, జ్వరము వచ్చును. చిన్నపిల్లలు తాబేలు పిల్లలను నోట పెట్టుకొనుట వలన వేలమంది వ్యాధిపాలగుటను చూచియే అమెరికా ప్రభుత్వము 1975లో నాలుగంగుళములకు లోపు చిప్ప గల తాబేళ్ల అమ్మకమును నిషేధించినది. తాబేలును, దాని నీటిని, దాని నేలను ముట్టిన ప్రతిమారు సబ్బుతో చేతులు కడుగుకొనుట, వంటయింటిలోనికి దానిని రానీయకుండుట, ఐదేండ్లలోపు పిల్లలున్న ఇంట మరింత జాగరూకతతో నుండుట విధి.

మనకంటె ముందుపోని ప్రాణి

తాబేలును తెచ్చుకొనువాడు ఒక ఋతువు కొరకు కాదు, తన ఆయుష్షును మించిన కాలము కొరకు మాట యిచ్చుచున్నాడు. హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2024 మార్చిలో మరణించిన బృహత్కూర్మమునకు సుమారు 125 ఏండ్ల వయస్సుండునని అంచనా. 1963లో ఆ ప్రదర్శనశాల ఏర్పడినపుడు బాగే ఆమ్ తోట నుండి అది అచటికి తరలింపబడెను. 1924 డిసెంబరు 25వ తేదీన మెదకు చర్చి ప్రతిష్ఠింపబడు నాటికే అది పాతికేండ్ల ప్రాయముననుండినదన్నమాట. సెయింట్ హెలీనా ద్వీపములోని జోనథన్ అను తాబేలు 1832 ప్రాంతమున పుట్టినదని చెప్పుదురు. సుల్కాటా అంత దీర్ఘాయువు గలది కాకపోయినను, చక్కగా పెంచినచో అర్ధశతాబ్దమునకు పైగా జీవించును. అరచేతిలో ఇమిడిన పిల్ల పెరిగి 40, 50 కిలోల బరువు గలదగును. దానికి రేపటి చోటు, రేపటి మేత, తన తదనంతరము దానిని చూచు మనిషి, ఈ మూడింటిని నేడే నిర్ణయించుకొనక కొనుట అవివేకము.

ఇంతకు మించి చెప్పవలసినది లేదు. ఇంట నున్న తాబేలు ఏ జాతిదో నేడే తెలిసికొనుడు. మన దేశపుదైనచో అటవీ శాఖకు అప్పగింపుడు. దాని కంతకంటె మేలు మీరు చేయజాలరు. విదేశీయ మెట్ట తాబేలైనచో నమోదు చేయించి, ఎండయు, నీడయు, తేమయు, గరికయు సమకూర్చి, వారము వారము తూచి, ఎత్తి ఆడించు వేడుకను మానుకొనుడు. ఈ శ్రమకు ఓర్చుకొనలేమని తోచినవారు తాబేలును కొనకుండుటయే ఆ ప్రాణికి చేయగల నిజమైన ఉపకారము.